విరాళం పెట్టె వద్దు బావా, చందా పెడదాం

వడపళని, చెన్నై

ఒరేయ్ బావా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఫోన్లో అయితే ఇద్దరం ఒకరి మాట మీద ఒకరం పడిపోతాం, చెప్పాల్సింది సగంలో ఆగిపోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. కాస్త పెద్ద ఉత్తరమే అవుతుంది, ఆదివారం తీరిగ్గా చదువు.

నువ్వన్నది ఇదీ. మేం లైసెన్స్ తీసుకుని తెలుగులోకి తేబోయే ఫ్రెంచ్ కామిక్స్‌ని ఆన్‌లైన్లో అందరికీ ఉచితంగా పెట్టెయ్యాలి. కింద ఒక క్యూఆర్ కోడ్ ఉంటే ఇష్టమైనవాళ్ళు ఎంతో కొంత ఇస్తారు. డబ్బు కట్టమంటే మాత్రం మీ బడి పిల్లల్లాంటివాళ్ళు దూరమైపోతారు. ఇందులో చివరి మాట నన్ను బాగా ఆలోచనలో పడేసింది. దానికి నా దగ్గరున్న జవాబు తర్వాత చెప్తాను. విరాళం సంగతి మాత్రం నేను ఒప్పుకోలేను రా.

మనం ఇక్కడ రెండు రకాల కామిక్స్‌ని కలిపేస్తున్నాం. ఒకాయన సొంతంగా కథ రాసుకుని, సొంతంగా బొమ్మలు గీసుకుని నెట్‌లో పెట్టుకుంటే విరాళం చక్కగా కుదురుతుంది. 2004లో ర్యాండీ మిల్‌హాలండ్ అనే అమెరికన్ కార్టూనిస్టు, నా ఏడాది జీతమంత డబ్బు మీరు పోగుచేస్తే ఉద్యోగం మానేసి బొమ్మలే గీస్తానన్నాడు. పాఠకులు నిజంగానే పోగుచేశారు, ఆయన మానేశాడు. 2013లో పేట్రియాన్ అని, అభిమానులు నెలనెలా చిత్రకారులకి డబ్బు పంపే సైట్ వచ్చాక ఆ పద్ధతి మీద బతికే చిత్రకారులు చాలామంది తయారయ్యారు. అక్కడ ఇచ్చేవాడికీ గీసేవాడికీ మధ్య ఇంకెవరూ లేరు. ఇచ్చిన రూపాయి ఎవరికి చేరుతుందో ఇద్దరికీ తెలుసు.

మన సంగతి అది కాదు. కథ మనది కాదు, బొమ్మలు మనవి కావు. మనం అనువాదం చేస్తాం, బెలూన్లలో తెలుగు అక్షరాలు కూర్చుతాం, నలుగురికీ చేరుస్తాం, అంతే. అసలు యజమాని ఎక్కడో బెల్జియంలోనో ఫ్రాన్సులోనో ఉంటాడు. మనకి అభిమానంతో ఎవరైనా వంద రూపాయలు పంపితే, అందులో ఆ బొమ్మలు గీసినాయనకి ఎంత పోవాలి? మన దగ్గర నాలుగు సిరీస్‌లు ఉన్నాయనుకో, ఆ వంద ఏ సిరీస్ చదివి పంపారో ఎలా తెలుస్తుంది? హుండీలో పడ్డ నోటు ఏ దేవుణ్ణి చూసి వేశారో ఎవరు చెప్పగలరు? గుళ్ళో ఆ లెక్క అక్కర్లేదు. లైసెన్స్‌లో అదే అసలు లెక్క.

ఆ ఒప్పందం ఎలా ఉంటుందో నీకు చెప్పనేలేదు కదూ. ఏ భాషకి, ఏయే దేశాల్లో, ఎన్నేళ్ళకి, ప్రింటుకా డిజిటల్‌కా అన్నీ అందులో రాసుకుంటారు. ముందుగా మినిమం గ్యారంటీ కింద కొంత అడ్వాన్సు కట్టాలి. తర్వాత అమ్మకాల మీద ఇంత శాతం రాయల్టీ. అడ్వాన్సు తీరేదాకా ఆ రాయల్టీని విడిగా పంపక్కర్లేదు, అడ్వాన్సులోనే సర్దుకుంటూ పోతారు, తీరాక వాళ్ళకి మళ్ళీ డబ్బు పంపడం మొదలవుతుంది. ఏ పుస్తకం ఎంత అమ్మిందో గడువు ప్రకారం స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అనువాదం, కవర్, అక్షరాలు వాళ్ళు చూసి సరేనంటేనే బయటికొస్తాయి. ఇంత పద్ధతిగా ఉండే మనిషి దగ్గరికి వెళ్ళి, "మీ పుస్తకం ఊరికే పంచిపెడతాం, దయ కలిగినవాళ్ళు ఇచ్చినదాంట్లో మీకూ కొంత పంపుతాం" అంటే ఏమనుకుంటాడు? అనుమతి లేకుండా స్కాన్ చేసి పెట్టేవాళ్ళలో కూడా కొందరు సర్వర్ ఖర్చులంటూ విరాళాలే అడుగుతారు. మనల్ని కూడా ఆ కోవలోనే చూస్తాడని నా భయం.

ఒక లెక్క వేశాను, చూడు. ఒక సిరీస్‌కి మూడేళ్ళకి రెండు లక్షలు అడ్వాన్సు అనుకుందాం. ఇది లెక్క కోసం నేను వేసుకున్న అంకె, వాళ్ళు అడిగింది కాదు. నెలకి 49 రూపాయల చందా పెడితే, అందులో 18 శాతం జీఎస్‌టీ తీసేస్తే మిగిలేది 41 రూపాయల 50 పైసలు. నలభై శాతం పబ్లిషర్ వాటా అనుకుంటే 16 రూపాయల 60 పైసలు. రెండు లక్షలు తీరాలంటే అలాంటి నెల చెల్లింపులు పన్నెండు వేలు రావాలి. అంటే 335 మంది మూడేళ్ళపాటు ఆపకుండా కట్టాలి. అదే ప్లే స్టోర్ ద్వారా తీసుకుంటే గూగుల్‌కి 15 శాతం పోతుంది, అప్పుడు నాలుగు వందల మంది దాకా కావాలి. అనువాదకుడి డబ్బు, అక్షరాలు కూర్చేవాడి డబ్బు మన వాటాలోంచే చూసుకోవాలి.

కట్టేవాళ్ళు ఎంతమంది దొరుకుతారంటావా? ఫోన్లో చదివే కామిక్స్ పెట్టే కొరియావాళ్ళ వెబ్‌టూన్ కంపెనీ 2024 జూన్‌లో అమెరికా షేర్ మార్కెట్లోకి వచ్చింది. అప్పుడు వాళ్ళు బయటపెట్టిన లెక్కల్లో నెలనెలా చదివేవాళ్ళు సుమారు 17 కోట్లు, డబ్బు కట్టేవాళ్ళు దాదాపు 78 లక్షలు. ఇరవైమందిలో ఒక్కరన్నమాట. కానీ 2023లో వాళ్ళ ఆదాయంలో 80 శాతం దాకా వచ్చింది ఆ ఒక్కరి దగ్గర్నుంచే. అదే లెక్క మనకి వేస్తే 335 మంది కట్టాలంటే ఏడువేల మంది చదవాలి. 2011 జనాభా లెక్కల్లోనే తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు ఎనిమిది కోట్ల పైన. ఏడువేల మంది మనకి దొరకరా బావా? దొరుకుతారని నాకు గట్టి నమ్మకం.

ఇక్కడ చెన్నైలో ఉంటే ఆ నమ్మకం ఇంకా పెరుగుతుంది. జనవరిలో నందనం వైఎంసీఏ గ్రౌండ్స్‌లో పుస్తకాల పండగ జరుగుతుంది కదా, లయన్-ముత్తు కామిక్స్ వాళ్ళ స్టాల్ దగ్గర నిలబడి చూడాలి నువ్వు. శివకాశి వాళ్ళు. ముత్తు కామిక్స్ 1972లో మొదలైంది, లయన్ కామిక్స్ 1984లో. ఇటలీ టెక్స్, బెల్జియం లక్కీ లూక్, ఇంగ్లండు పాత హీరోలు, అందరినీ లైసెన్స్ తీసుకుని తమిళంలో మాట్లాడించారు. ఏడాది చందా ముందే కట్టించుకుంటారు, ప్రత్యేక సంచికలకి ముందే బుకింగ్ తీసుకుంటారు. యాభై దాటిన పెద్దమనుషులు చిన్నప్పటి హీరో పుస్తకం చేతిలోకి తీసుకుని, పక్కనున్న కొడుక్కి కథ చెప్తూ ఉంటారు. వాళ్ళెవరూ దానం చేస్తున్నామనుకోరు. తమ పుస్తకానికి డబ్బు కడుతున్నారు. ఏడాదికి ఎంతమంది ఉన్నారో ముందే తెలుస్తుంది కాబట్టి ఎడిటర్‌కి ఎన్ని లైసెన్సులు తీసుకోవచ్చో తెలుస్తుంది. నాకు కావాల్సింది సరిగ్గా ఆ ధైర్యం. ఈ నెల ఎంత పడుతుందో తెలియని పెట్టెని నమ్ముకుని విదేశీ పబ్లిషర్‌తో మూడేళ్ళ ఒప్పందం మీద సంతకం ఎలా పెట్టను?

తమిళులకి ఆ అలవాటుంది, మనవాళ్ళకి లేదంటావేమో. అదేం మాట రా! చందమామ పుట్టింది ఈ ఊళ్ళోనే. 1947 జూలైలో నాగిరెడ్డిగారు, చక్రపాణిగారు తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి మొదలుపెట్టారు. దాన్ని తెలుగు ఇళ్ళు డబ్బిచ్చే కొనుక్కున్నాయి, అరవై ఏళ్ళకి పైగా. మనవాళ్ళకి చదువుకి డబ్బు పెట్టడం కొత్త కాదు. పెట్టడానికి ఈమధ్య ఏమీ దొరకట్లేదు, అంతే. జపాన్ పబ్లిషర్ షుయేషా వాళ్ళ కామిక్స్ యాప్ మాంగా ప్లస్ 2019లో వచ్చింది, ఎన్నో భాషల్లో చదవొచ్చు, తెలుగు మాత్రం లేదు. అది చూసినప్పుడల్లా నాకు కడుపులో మంటగా ఉంటుంది.

విరాళాలతో లైసెన్స్ పుస్తకాలు వచ్చిన దాఖలాలు లేవా అని నువ్వు అడుగుతావు. ఉన్నాయి. 2012లో డిజిటల్ మాంగా అనే అమెరికా సంస్థ జపాన్ కామిక్స్ రచయిత తెజుకా ఒసాము పుస్తకాన్ని ఇంగ్లీషులో వేయడానికి, జనం దగ్గర ముందుగా డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ సైట్లో అడిగితే వచ్చింది. కానీ డబ్బిచ్చినవాళ్ళు ఊరికే ఇవ్వలేదు, పుస్తకం కోసం ఇచ్చారు. అది ముందస్తు బుకింగే, శివకాశివాళ్ళు చేసేదే. అదే సంస్థ 2014లో ఒకేసారి ఎన్నో సంపుటాలకని 3,80,000 డాలర్లు పెట్టుకుంటే పోగవలేదు. అభిమానానికి కూడా ఒక కొలత ఉంటుంది. ఏం దొరుకుతుందో, ఎప్పుడు దొరుకుతుందో స్పష్టంగా చెబితేనే చేయి జేబులోకి వెళ్తుంది.

డబ్బు కట్టించుకుంటే అన్నీ సర్దుకుంటాయని నేననను. జపాన్ పబ్లిషర్లు కలిసి 2011లో జేమాంగా అని ఆన్‌లైన్లో కామిక్స్ అమ్మే సైట్ పెట్టారు, 2013లో మూసేశారు. డబ్బు పెట్టి కొన్న పుస్తకాలు కూడా పాఠకుల కళ్ళ ముందే మాయమయ్యాయి, ఎందుకంటే అవి డౌన్‌లోడ్ అయ్యేవి కావు. లైసెన్స్ గడువు అయిపోతే మన దగ్గరా అదే జరుగుతుంది. అందుకే "కొనండి" అనే బటనే వద్దంటున్నాను. నెల చందా అని చెప్పాలి, ఏ సిరీస్ ఏ తేదీదాకా ఉంటుందో పేజీ మీదే రాయాలి, తీసేసే ముందు మూడు నెలల నోటీసివ్వాలి. ఈ పనిలో నాతో ఉన్న మిగతా ఇద్దరూ ఇలా రాస్తే జనం భయపడి కట్టరేమోనంటున్నారు. నేను మాత్రం దీని మీద తగ్గను. డబ్బు తీసుకున్నాక దాచిపెట్టే హక్కు మనకి లేదు.

చిన్న మొత్తాల సంగతి కూడా చెప్పాలి. 2003లో స్కాట్ మెక్‌క్లౌడ్ అనే అమెరికన్ కార్టూనిస్టు తన కామిక్‌ని బిట్‌పాస్ అనే పద్ధతిలో పావు డాలర్‌కి పెట్టాడు. ఆలోచన గొప్పదే, కానీ పావు డాలర్ కోసం కొత్త ఖాతా తెరిచి ముందుగా డబ్బు నింపుకోవాలి. బిట్‌పాస్ 2007లో మూతపడింది. ఇప్పుడు మనకి టీకొట్టు దగ్గర పదిరూపాయలు కూడా ఫోన్లోనే పోతున్నాయి, 2020 నుంచి యూపీఐలో నెలనెలా దానంతటదే డబ్బు కట్టేసే ఆటోపే కూడా ఉంది. ఆయనకి ఆ రోజు లేని వసతి మీ కావలి బస్టాండులో ఉంది బావా. నెల చందా వద్దనుకున్నవాడికి అధ్యాయం మూడు రూపాయలకి ఇద్దాం.

ఇక మీ పిల్లలు. దీని గురించి నిద్ర పట్టకుండా ఆలోచించాను. డబ్బు లేనివాడు చదవకూడదనే లోకం నాకూ ఇష్టం లేదు. మనిద్దరం అద్దె పుస్తకాల షాపులో నిలబడి చదివేస్తుంటే ఏమీ అనకుండా వదిలేసిన ముసలాయన పుణ్యమే కదా ఇదంతా. కొరియాలో కకావో పేజ్ వాళ్ళు 2014లో ఒక పద్ధతి తెచ్చారు: ఆగగలిగితే ఉచితం. తర్వాతి అధ్యాయం ఇప్పుడే కావాలంటే డబ్బు కట్టాలి, కొంతసేపు ఆగితే అదే తెరుచుకుంటుంది. మాంగా ప్లస్ కూడా మొదటి కొన్ని, చివరి కొన్ని అధ్యాయాలు ఊరికే చూపిస్తుంది. మనం ప్రతి సిరీస్‌లో మొదటి మూడు అధ్యాయాలు ఎప్పటికీ ఉచితంగా ఉంచి, మిగతావి వారానికొకటి తెరిస్తే? డబ్బున్నవాడు ముందు చదువుతాడు, లేనివాడు కాస్త ఆలస్యంగా చదువుతాడు. ఎవరూ బయట మిగిలిపోరు. తెరిచిన ప్రతి అధ్యాయమూ లెక్కలోకి వస్తుంది కాబట్టి పబ్లిషర్‌కి ఇచ్చే స్టేట్‌మెంట్ కూడా శుభ్రంగా ఉంటుంది.

దానికి తోడు ప్రభుత్వ బళ్ళకి లైబ్రరీ లాగిన్ ఒకటి పెట్టాలని ఉంది. బడికి ఒకటి, పూర్తిగా ఉచితం. విరాళం అడిగితే దానికోసమే అడుగుదాం. "మీ ఐదొందలతో ఒక బడికి ఏడాది చందా" అని రాసి, ఏ బడికి వెళ్ళిందో ఇచ్చినవాళ్ళకి చెబుదాం. అప్పుడు విరాళం కూడా లెక్క ఉన్న చందాగా మారుతుంది, రాయల్టీ మామూలుగానే వెళ్తుంది, నీ మాటా నిలబడుతుంది. ఇది నువ్వు పెట్టిన గొడవ వల్లే తట్టింది, ఆ గొప్ప నీదే.

కాకపోతే బళ్ళకి ఇవ్వడానికి పబ్లిషర్ ఒప్పుకోవాలి. అది ఒప్పందంలో విడిగా రాయించుకోవాల్సిన విషయం, సంతకాలయ్యాక అడిగితే కుదరదు. నెలాఖరులోపు వాళ్ళకి మా ప్రతిపాదన పంపాలి. కాబట్టి నీతో పని పడింది. మీ మండలంలో కంప్యూటరో ట్యాబో పనిచేస్తున్న హైస్కూళ్ళు ఎన్నున్నాయో, పిల్లలు ఏ సమయంలో చదవగలరో, ఒక లాగిన్ మీద ఒకేసారి ఎంతమంది కూర్చుంటారో కనుక్కుని రాయి. ఉజ్జాయింపు వద్దు, నువ్వు స్వయంగా చూసి చెప్పాలి. దీంతోపాటు మొదటి అధ్యాయం తెలుగు చిత్తుప్రతి పంపుతున్నా. ఎనిమిదో తరగతివాళ్ళతో పైకి చదివించు, ఎక్కడ తడబడ్డారో పెన్సిల్‌తో గీత పెట్టు. ముఖ్యంగా పదకొండో పేజీలో ఆ ముసలి నావికుడి మాటలు చూడు. వాటిని నెల్లూరు యాసలో పెట్టాలా వద్దా అని మాలో మాకు తేలట్లేదు, నువ్వే తేల్చాలి.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. పిల్లలకి నా ముద్దులు.

నీ బావ