రెండు బైకులు, రెండు నవారు మంచాలు, ఒక సరుకు వ్యాను

మర్రిపాలెం, విశాఖపట్నం
ఆదివారం రాత్రి

ప్రియమైన బావకు,

ఇక్కడ అందరం క్షేమం. నీ ఉత్తరమూ, దానితో పాటు మట్టిబాటల్లో నడిపే బైకుల్ని మోసుకెళ్ళి రాత్రికి అందులోనే పడుకునేందుకు నువ్వు గీసి పంపిన వ్యాను బొమ్మా అందాయి. రాత్రి భోజనమయ్యాక ఆ బొమ్మను బల్లమీద పరచుకుని అరగంటసేపు చూశాను. బిగించిన మంచం, దాని కింద సొరుగులు, ఒక పక్క వంటగట్టు, దానికి ఆనుకుని సింకు, పైన అలమరలు, అన్నీ ఎంతో ముచ్చటగా గీశావు. అయితే ఆ బొమ్మలో బైకులకు తప్ప అన్నిటికీ చోటు ఉంది. బైకులని రాసి బాణం గుర్తు వేసిన జాగా నీ కొలత ప్రకారమే నాలుగడుగులు. నీ ఎక్స్‌పల్స్ బైకు పొడవు ఏడడుగుల పైచిలుకు ఉంటుందని నీకు నేను చెప్పాలా?

నవ్వుతున్నానని అనుకోకు. ఎనిమిది నెలల క్రితం నేను గీసుకున్నదీ ఇలాంటి బొమ్మే. ప్లైవుడ్‌తో అలమర కూడా చేయించాను. రెండో ప్రయాణం తరువాత దాన్ని ఊడదీసి ఇంటికి తెస్తే, ఇప్పుడు మా వంటింట్లో ఊరగాయ జాడీలు మోస్తున్నది. అందుకే నీకు ముందుగా ఒక్క మాట చెబుతాను. బైకులు దిగిన తరువాత రాత్రికి ఇద్దరు పడుకోగలిగిన గోదామును తయారుచేస్తున్నానని అనుకో. అలా అనుకుంటే తక్కిన నిర్ణయాలన్నీ వాటంతట అవే కుదురుతాయి. ఇల్లు కడుతున్నానని అనుకున్నావో, బైకుల్ని చివరికి ఇంటి దగ్గరే వదిలి వెళతావు.

రోడ్డుమీద నడపగలిగే బండిని వ్యానులో ఎక్కించుకుని తీసుకువెళ్ళడమేమిటని మా నాన్నగారు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. దానికి నా దగ్గర ఉన్న జవాబు అనుభవంతో వచ్చింది. నా ఇంపల్స్ బైకు 2011లో హీరో వాళ్ళు తెచ్చిన తొలినాళ్ళ బండి. మట్టికోసం దానికి గుబ్బల టైర్లు వేయించాను. ఆ టైర్లతో తారురోడ్డుమీద అరకు దాకా 115 కిలోమీటర్లు వెళితే గుబ్బలు అరిగిపోతాయి, వానపడిన ఘాట్ రోడ్డు మలుపుల్లో బండి కాళ్ళ కింద నుంచి జారిపోతుంది. పైగా రోజంతా మట్టిలో పడి లేచి, చేతులు వణుకుతుండగా చీకట్లో అనంతగిరి ఘాట్ దిగిరావడం ఎంత ప్రమాదమో నీకు తెలుసు. నిరుడు కాఫీ తోటల దగ్గర నా చెయిన్ తెగి, ఇంజను కేసు పగిలిన రోజున ఒక కూరగాయల ఆటోవాడిని బతిమాలి, క్యాబేజీ బస్తాల మధ్య దాన్ని పడుకోబెట్టి తెచ్చాను. ఆ రాత్రే వ్యాను కొనాలని నిశ్చయించుకున్నాను.

నేను కొన్నది పాత టాటా వింగర్ సరుకు వ్యాను. నాకంటే ముందు ఒక బేకరీకి బ్రెడ్డు మోసింది. ఎండలో తలుపు తీస్తే ఇప్పటికీ తియ్యటి వాసన కొడుతుంది. లోపల టేపు పెట్టి కొలిస్తే పొడవు దాదాపు 3,240 మిల్లీమీటర్లు, వెడల్పు 1,640, ఎత్తు 1,900. ఈ మూడింటిలో నువ్వు గుండెలమీద రాసుకోవలసినది వెడల్పు. నీ బండి హ్యాండిల్ 850 మిల్లీమీటర్లు, నాదీ ఇంచుమించు అంతే. రెండు హ్యాండిళ్ళు పక్కపక్కన 1,640లో పట్టవు. అందువల్ల ఒక బైకు ముఖం డ్రైవరు వైపుకూ, రెండోదాని ముఖం వెనుక తలుపు వైపుకూ ఉండేలా ఎదురుబొదురుగా నిలబెడతాను. అప్పుడు ఒకదాని హ్యాండిల్ రెండోదాని సీటు మీదుగా పోతుంది, మధ్యలో మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు కూడా మిగులుతుంది. ఈ చిన్న ఉపాయం తట్టడానికి నాకు మూడు ఆదివారాలు పట్టిందంటే నమ్ముతావా?

మరో సంగతి. ఈ బండికి ఇంజను బలం ముందు చక్రాలకు వెళుతుంది. వెనుక చక్రాల ఇరుసుకు బలం పంపే షాఫ్టు కింద లేకపోవడంతో నేల తక్కువ ఎత్తులో ఉంటుంది, బైకులు ఎక్కించడానికి అది వరమే. అయితే శృంగవరపుకోట దాటి ఎగువకు ఎక్కేటప్పుడు బరువంతా వెనక్కి ఒరుగుతుంది కనుక తడిరోడ్డుమీద ముందు చక్రాలు పట్టు తప్పి గిరగిరా తిరుగుతాయి. రెండు బైకులూ కలిపి 290 కిలోలకు పైమాటే. కాబట్టి వాటిని డ్రైవరు వెనుక ఉన్న ఇనుప జాలీకి ఆనేటంత ముందుకు పెట్టి, మంచాలూ నీళ్ళ టిన్నూ మాత్రమే వెనుక పెడుతున్నాను.

ఇక నేల గురించి కాస్త విస్తారంగా రాస్తాను, ఎందుకంటే డబ్బు ఖర్చుపెట్టవలసింది అక్కడే. గాజువాక ఆటోనగర్‌లో నాకు దొరికిన వెల్డరు నాతో మొదట పోట్లాడాడు. కొక్కాలను రేకుకే బిగిస్తే చాలునని ఆయన, చాలదని నేను. రేకుకు బిగించిన కొక్కెం వంద కిలోల గుంజుకే రేకుతో సహా ఊడివస్తుందని ఒక పాత డోరుమీద చేసి చూపించాక ఒప్పుకున్నాడు. చివరకు బండి కింద అడ్డంగా పోయే ఇనుప దూలాల దగ్గర రంధ్రాలు వేసి, పైన గుండ్రటి రింగులు, కింద అరచేయంత మందపాటి ఇనుప పలక, మధ్యలో బోల్టు, ఇలా ఎనిమిది రింగులు వేయించాను. డ్రిల్లు పెట్టేముందు తప్పకుండా కింద పడుకుని చూడు. డీజిలు ట్యాంకు, బ్రేకు పైపులు, వైర్లు అన్నీ ఆ కిందే ఉంటాయి. రంధ్రం వేసిన వెంటనే అంచులకు జింకు ప్రైమరు పూయించకపోతే మన ఊరి ఉప్పుగాలికి ఆరు నెలల్లో తుప్పు పువ్వులా విచ్చుకుంటుంది. హుద్‌హుద్ తుపాను తరువాత మన వీధిలో గేట్లన్నీ ఎలా తయారయ్యాయో గుర్తుందిగా.

రేకుమీద 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైవుడ్ పరిపించాను. ఐఎస్ 710 అని ముద్ర ఉన్నదే తీసుకో. మామూలు ప్లైవుడ్ బైకుల నుంచి కారే ఎర్రమట్టి నీటికి పొరలు పొరలుగా లేస్తుంది. దానిమీద గీతల రబ్బరు చాప వేసి, అంచులు అతికించకుండా వదిలేశాను. ప్రతి ప్రయాణం తరువాత చాపను బయటికి లాగి కడగవలసిందే.

బైకు కట్టడంలో చాలామంది చేసే పొరపాటు హ్యాండిల్ చివరలకు బెల్టు వేయడం. ముందు చక్రం ఫోర్కు గొట్టాలను పట్టుకునే కింది క్లాంపుకు మెత్తటి గుడ్డబెల్టు చుట్టి, దానికి పిడి ఆడిస్తే బిగుసుకునే రాచెట్ బెల్టు తగిలించి, ముందుకూ పక్కకూ ఏటవాలుగా రెండు రింగులకు లాగాలి. ఫోర్కు సగానికి మించి కుంగకూడదు. పూర్తిగా నొక్కేస్తే ఆయిల్ సీళ్ళు కారడం మొదలుపెడతాయి. వెనుక చక్రం అటూ ఇటూ ఊగకుండా మరో రెండు బెల్టులు. సైడుస్టాండు మీద మాత్రం నిలబెట్టకు, మొదటి గతుకులోనే వంగుతుంది. పెందుర్తి దాటగానే ఒకసారి ఆగి అన్ని బెల్టులూ తట్టి చూడు. కొత్తగా లాగిన బెల్టు మొదటి పదిహేను కిలోమీటర్లలో తప్పక వదులవుతుంది.

ర్యాంపు విషయంలో నా బొటనవేలు గోరు ఊడింది. తప్పు నాదే. ఇంట్లో పడి ఉన్న అయిదడుగుల చెక్కపలకను ఊరికే ఆనించి ఎక్కించబోయాను. బండి నేల రెండడుగుల ఎత్తు. అయిదడుగుల పలకకు వాలు దాదాపు 24 డిగ్రీలు వస్తుంది. ముందు చక్రం పైకి ఎక్కి, వెనుక చక్రం పలకమీదికి రాగానే పలక వెనక్కి తన్నుకుపోయింది. ఇప్పుడు ఏడడుగుల అల్యూమినియం ర్యాంపు చేయించాను, వాలు 17 డిగ్రీలకు తగ్గింది. దాని పైకొసను బెల్టుతో బండికి కట్టిన తరువాతే చక్రం పెడతాను. దింపేటప్పుడు ఇంకో మెలకువ ఉంది. బైకు వెనక్కి దిగుతుంటే బరువంతా వెనుక చక్రం మీదే ఉంటుంది కనుక ముందు బ్రేకు పట్టినా ఆ చక్రం బిగుసుకుని జారుతుందే తప్ప బండి ఆగదు. ఇంజను ఆపి, మొదటి గేరులో ఉంచి, క్లచ్‌ను కొద్దికొద్దిగా వదులుతూ దింపు. అదే నీకు వెనుక బ్రేకు.

ఇప్పుడు నిద్ర సంగతి. ఇంటర్నెట్‌లో మనం చూసే విదేశీ వ్యానులన్నీ చలికి తయారైనవి. మనకు శత్రువు ఉక్కపోత. పరుపు వేసుకుని పడుకున్న మొదటి రాత్రి తాటిపూడి జలాశయం దగ్గర చెమటతో పరుపు తడిసి ముద్దయింది. రెండో వారమే మడతపెట్టే నవారు మంచాలు రెండు కొన్నాను. ఒక్కొక్కటీ రెండున్నర అడుగుల వెడల్పు, పక్కపక్కన సరిగ్గా పడతాయి. కింద నుంచి గాలి ఆడుతుంది, పగలు మడిచి గోడకు కట్టేస్తే బైకులకు అడ్డురావు. వెనుక తలుపులు బార్లా తెరిచి, దర్జీ చేత కుట్టించిన దోమతెర వేలాడదీస్తాను. ఏజెన్సీలో దోమతెర లేకుండా పడుకోవడం మలేరియాను పిలిచి భోజనం పెట్టడమే. పైకప్పుకూ గోడలకూ వేడిని ఆపే నైట్రైల్ రబ్బరు ఫోము అతికించాను. అది మే నెలలో ఎండకు ఎంత పనికొచ్చిందో, డిసెంబరులో లంబసింగి చలికి రేకు చెమర్చి నెత్తిన బొట్లు పడకుండా అంతే పనికొచ్చింది.

ఒక నియమం మాత్రం మేము ఎన్నడూ తప్పం. బైకులు లోపల ఉండగా ఎవరూ పడుకోరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు కనుక నేలబారున పేరుకుంటుంది, మంచం ఉండేదీ అక్కడే. నా ఇంపల్స్ కార్బురేటరు బండి, వ్యానులో ఎక్కించేముందే పెట్రోలు ట్యాపు కట్టేస్తాను. రాత్రికి రెండు బైకుల్నీ బయట గొలుసుతో కలిపి కట్టి టార్పాలిన్ కప్పుతాం. వంటకూడా బయటే. నీ వంటగట్టు గురించి అందుకే బెంగపడకు. మొదటి రోజుకు ఇంటి నుంచి పులిహోర, మరునాటి ఉప్మాకు చిన్న స్టవ్వు, దానితో సరి. చెల్లెమ్మ వస్తానంటే స్నానానికి ఒక వసతి ఉంది. రైతులు మందు కొట్టే 16 లీటర్ల బ్యాటరీ స్ప్రేయరు ఒకటి కొన్నాను, ఎన్నడూ మందు పోయని కొత్తది. మొదట మనుషుల స్నానం, తరువాత బైకుల స్నానం. ఈ వరస తారుమారు కాకూడదు.

కరెంటు గురించి ఎక్కువ ఆలోచించకు. 100 యాంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో దాదాపు 1,280 వాట్ అవర్లు ఉంటాయి. రెండు చిన్న ఫ్యాన్లు రాత్రంతా తిరిగినా, లైట్లూ ఫోన్లూ కలుపుకున్నా అయిదు వందలు దాటవు. అరకు నుంచి ఇంటికి వచ్చే మూడు గంటల్లో ఇంజనే దాన్ని నింపేస్తుంది. బ్యాటరీ పక్కనే ఫ్యూజు పెట్టించు, చాలు.

చట్టం సంగతి చెల్లెమ్మ అడిగిందని రాశావు, మంచి ప్రశ్న. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కాబట్టి కిటికీలు కోయించడం, వెనుక సీట్లు బిగించడం మనకు వద్దు. తీసి బయటపెట్టగలిగే మంచం సరుకే అవుతుంది. ప్రయాణంలో వెనుక మనుషులు కూర్చోకూడదు, మనం ఎంతమందిమన్నది ముందు సీట్లే నిర్ణయిస్తాయి. బండి పసుపు బోర్డుతోనే ఉంటుంది. ఎనిమిదేళ్ళ వయసు వచ్చేదాకా రెండేళ్ళకొకసారి, ఆ తరువాత ఏటా ఫిట్‌నెస్ తనిఖీ చేయించాలి. మొత్తం బరువు 3,000 కిలోలు దాటే సరుకు బండికి పర్మిట్ కూడా కావాలి. లైసెన్సు గురించి భయం లేదు. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కారు లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది.

నీ బొమ్మలో నేల కింద దాచిన పెట్టె ఒకటి ఉంది చూశావా, దాన్ని వెంటనే కొట్టెయ్. పాడేరు వైపు నుంచి కిందికి వచ్చే మూసిన తెల్లవ్యానును గంజాయి తనిఖీలో ఆపకుండా ఉండరు. నన్ను ప్రతిసారీ ఆపారు, ప్రతిసారీ మర్యాదగానే చూశారు. తలుపు తెరవగానే అన్నీ కంటికి కనిపిస్తే రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. రహస్యపు అర ఉంటే మాత్రం నీ కొత్త ప్లైవుడ్ అంతా రోడ్డుమీదే.

తిరిగే చోట్ల విషయంలో నేను కొంచెం మొండివాడిని. ఎర్రమట్టి దిబ్బల మీద బండి ఎక్కించడానికి ఒప్పుకోను. వేల ఏళ్ళ ఇసుకను మన టైర్లు ఒక సాయంత్రంలో కోసేస్తాయి. భీమిలి తీరంలో ఇసుకమీద కూడా వద్దు, జనవరి నుంచి తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. కంబాలకొండ అభయారణ్యం గురించి అసలు చెప్పనక్కరలేదు. శృంగవరపుకోట దగ్గర మా మేనమామ జీడితోట వెనుక ఉన్న బంజరు గుట్ట మనకు చాలు. అక్కడ నువ్వు ఎన్నిసార్లు పడినా చూసేవాళ్ళు మేకలే.

వచ్చే నెల రెండో శనివారానికి వచ్చేయ్. నీ హ్యాండిల్‌కు చేతి కవచాలు బిగించావని విన్నాను. వాటితో కలిపి వెడల్పు ఎంతో ఈసారి అంచనాతో కాకుండా టేపుతో కొలిచి రాయి. దాన్నిబట్టి ముందు ఏ బైకు ఎక్కించాలో చూస్తాను. నీ బెల్టులు నువ్వు తెచ్చుకో, నా వాటిలో రెండింటి దారాలు లేచిపోయాయి.

ఇట్లు,
నీ మిత్రుడు