ప్లేటుపై నమూనా పడకపోయినా ‘పూర్తయింది’ అంటున్న యంత్రంపై ఫిర్యాదు

సేవా విభాగం మేనేజర్ గారికి,

అయ్యా,

మా మైక్రోబయాలజీ లేబొరేటరీలో మూత్రం, కఫం నమూనాల మూత తీసి, కల్చర్ ప్లేట్లపై (బ్యాక్టీరియాను పెంచే పళ్లాలపై) వేసి, స్ట్రీకింగ్ చేయడానికి, అంటే గీతలుగా పరచడానికి, మీరు అమర్చిన యంత్రం మూడు వారాలుగా చేస్తున్న తప్పును మీ దృష్టికి తెస్తున్నాను. యంత్రం ఆగిపోతే మేము లూప్ (నమూనాను పూసే తీగ) పట్టుకుని చేత్తో పని కానిచ్చుకోగలం; ఆగకుండా తప్పు చేసుకుంటూ పోతే మాకు తెలిసే దారి లేదు.

గత సోమవారం ఒక కఫం నమూనా నుంచి మా టెక్నీషియన్ చేత్తో తయారుచేసిన గ్రామ్ స్టెయిన్ (బ్యాక్టీరియాకు రంగు వేసి చూసే పద్ధతి) స్లైడులో, చీము కణాల మధ్య గ్రామ్ నెగెటివ్ బాసిల్లై అనే కడ్డీ ఆకారపు బ్యాక్టీరియా మైక్రోస్కోపులో చూసిన ప్రతి ఫీల్డులోనూ కనిపించాయి. మర్నాడు అదే నమూనా తాలూకు మెకాంకీ అగార్ (ఇలాంటి బ్యాక్టీరియా పెరిగే మాధ్యమం) ప్లేటుపై ఒక్క కాలనీ (బ్యాక్టీరియా పెరిగి ఏర్పడే చుక్క) కూడా లేదు. ప్లేటును వెలుతురుకు వంచి చూస్తే స్ట్రీకింగ్ గీతలు చక్కగా ఉన్నాయి, కానీ ఆ గీతల వెంట పెరిగిందేమీ లేదు. రోగి వాడుతున్న యాంటీబయాటిక్ వల్ల కావచ్చునేమోనని, ఫ్రిజ్‌లో ఉంచిన అదే నమూనాను చేత్తో వేసి చూశాము. తెల్లారేసరికి జిగురు జిగురుగా గులాబీ రంగు కాలనీలు దట్టంగా వచ్చాయి. పిపెట్ టిప్ చివర కఫం జీర అడ్డుపడి నమూనా లోపలికి రాకపోయినా, యంత్రం మాత్రం ‘పూర్తయింది’ అనే నమోదు చేసింది. స్లైడు చూడకపోయి ఉంటే ‘పెరుగుదల లేదు’ అనే రిపోర్టు వెళ్లిపోయేది.

మూత్రం విషయంలో ఇది ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే అక్కడ మేము కాలనీలను లెక్కపెట్టి నిర్ణయిస్తాము. 1 మైక్రోలీటరు వేసినప్పుడు ఒక్కో కాలనీ మిల్లీలీటరుకు 1,000 బ్యాక్టీరియాతో సమానం. నురగ ఉన్న నమూనాలో టిప్ గాలిని పీల్చి సగమే వేస్తే, ఇన్‌ఫెక్షన్‌కు గుర్తుగా తీసుకునే 1,00,000 హద్దును దాటాల్సిన లెక్క దాని కిందికి జారిపోతుంది.

మీ ఇంజనీరు గారు వచ్చి, కఫాన్ని డైతయోత్రీటాల్‌తో (జిగటను విడగొట్టే రసాయనంతో) పలుచన చేయమని చెప్పి, సర్వీసు పత్రంలో ‘లోపం లేదు’ అని రాసి వెళ్లారు. ఆ పని మేము మొదటి రోజు నుంచీ చేస్తూనే ఉన్నాము.

కాబట్టి, టిప్ మూసుకుపోయినా గాలి పీల్చినా యంత్రం ఆగి హెచ్చరించేలా వారం లోపు సరిచేయాలని, ఈ మూడు వారాల్లో ప్రతి నమూనాకు ఎంత ద్రవం పీల్చిందో చూపే లాగ్ మాకు ఇవ్వాలని కోరుతున్నాను. ఆ లాగ్ చేతికి వస్తేనే ఏ రోగుల నమూనాలను మళ్లీ తెప్పించుకోవాలో మాకు తెలుస్తుంది. అప్పటిదాకా కఫం నమూనాలన్నీ చేత్తోనే వేస్తున్నాము.

ఇట్లు,
మైక్రోబయాలజీ విభాగం బాధ్యులు