డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ పాఠంలో జీవకణానికి చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను హనుమకొండలో 22 ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ఇంటర్ రెండో ఏడాది లెక్కల 2బి పుస్తకంలో చివరి పాఠం అవకలన సమీకరణాలు (డిఫరెన్షియల్ ఈక్వేషన్స్), అంటే ఒకటి ఎంత వేగంగా మారుతోందో చెప్పే సమీకరణాలు. పరీక్షలు దగ్గరపడే టెన్షన్‌లో పద్ధతులు చెప్పి ముగిస్తాం. అవి ఎందుకు పనికొస్తాయో చెప్పే తీరిక ఉండదు.

మా అమ్మాయి బైపీసీ చదివి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీలో చేరింది. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు ఒక పరిశోధన వ్యాసం నా ముందు పెట్టి, "నాన్నా, ఇందులో జన్యువులు నాకు తెలుసు, ఈ లెక్కలే తెలియట్లేదు" అంది. 2000లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ నుంచి ఎలోవిట్జ్, లైబ్లర్ ప్రచురించిన వ్యాసమది. ఈ-కోలై బ్యాక్టీరియాలో మూడు జన్యువులను గొలుసుకట్టుగా కలిపారు. మొదటిదాని ప్రోటీన్ రెండోదాన్ని ఆపుతుంది, రెండోదానిది మూడోదాన్ని, మూడోదానిది మళ్లీ మొదటిదాన్ని. దానికి ఆరు అవకలన సమీకరణాలు.

ఆరూ వదిలేసి ఒక్కటే తీసుకున్నాం. ప్రోటీన్ మట్టం మారే వేగం అంటే, తయారయ్యే వేగంలోంచి నశించే వేగం తీసేయడమే. ఎంత ఎక్కువ ప్రోటీన్ ఉంటే అంత ఎక్కువ నశిస్తుంది. తయారీ వేగం మారకుండా ఉంటే ఇది మా ఎంపీసీ పిల్లలు ఏటా చేసే లీనియర్ సమీకరణమే. సాధిస్తే ఒక చక్కని సంగతి బయటపడింది. తయారీని రెట్టింపు చేస్తే చివరి మట్టం రెట్టింపవుతుంది, కానీ అందులో సగానికి చేరే సమయం మాత్రం మారదు. ఆ సమయం ప్రోటీన్ ఎంత త్వరగా నశిస్తుందన్న దాని మీదే ఉంటుంది. "అయితే కణం త్వరగా మారాలంటే ప్రోటీన్ త్వరగా పోవాలన్నమాట!" అంది మా అమ్మాయి. ఇన్నేళ్లు ఆ లెక్క చేయించిన నాకు ఆ అర్థం తట్టలేదు.

ఆ శాస్త్రవేత్తలకు సమీకరణాలే దారి చూపాయి. ప్రోటీన్లు కూడా ఎంఆర్‌ఎన్‌ఏ (ప్రోటీన్ తయారీకి జన్యువు నుంచి వచ్చే నకలు) లాగే త్వరగా నశిస్తే మట్టాలు ఒకచోట ఆగిపోకుండా, వాళ్లు కోరుకున్నట్టే పెరుగుతూ తగ్గుతూ ఊగే అవకాశం ఎక్కువని తేలింది. అందుకే ప్రోటీన్ల చివర చిన్న తోక తగిలించారు. కణంలోని ఎంజైములు ఆ తోకను గుర్తుపట్టి వాటిని ముక్కలు చేస్తాయి. ఈ ఊగడం కంటికి కనబడేలా వెలిగే ప్రోటీన్‌ను కూడా పెట్టారు. కణాలు సుమారు రెండున్నర గంటలకోసారి ఆకుపచ్చగా వెలిగి తగ్గాయి. అన్నీ కాదు, దాదాపు 40 శాతమే. జీవంలో ఆ మాత్రం గజిబిజి ఉంటుంది, అది కూడా పిల్లలకు చెప్పాల్సిందే.

పాఠ్యపుస్తకాలు రాసేవారికి నా విన్నపం ఒక్కటే. 2బిలో ఈ ఒక్క సమీకరణాన్ని జీవకణం ఉదాహరణతో చేర్చండి. బైపీసీ పిల్లలకూ ఇష్టమైతే ఈ పాఠం చదివే వీలు ప్రతి కాలేజీలో కల్పించండి. పదో తరగతి దాటగానే లెక్కలు వదిలేసిన పిల్లలు పీజీలో ఇలా బిక్కమొహం వేయడం చూస్తే బాధగా ఉంది. ఆ లెక్కను, సాధనను తెలుగులో రాసి పెట్టుకున్నాను. ఏ అధ్యాపకులు అడిగినా ఇస్తాను.

- ఒక జూనియర్ కళాశాల గణిత అధ్యాపకుడు, హనుమకొండ