సీటు ఫోన్‌లో, బోనఫైడ్ క్యూలో
తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ అనే ప్రవేశాల పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లోనే ఇస్తున్నా, చేరాక చాలా కాలేజీల్లో ఆఫీసు పనులు ఇంకా కాగితాల మీదే నడుస్తున్నాయి. స్కాలర్‌షిప్‌కు, తమ దగ్గరే చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్ కోసం మా అమ్మాయి మూడు రోజులు క్లాసులు మానుకుని ఆఫీసు కిటికీ దగ్గర నిలబడింది: మొదటి రోజు క్లర్క్ లేరు, రెండో రోజు ప్రిన్సిపాల్ సంతకం కాలేదు, మూడో రోజు చేతికొచ్చిన కాగితంలో ఇంటిపేరే తప్పు. హాజరు మాత్రం వేలిముద్రతో పక్కాగా నమోదవుతుంది కాబట్టి ఆ మూడు రోజులూ ఆబ్సెంటే, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరుండాలి కదా, ఇంట్లో అందరికీ అదే టెన్షన్. మార్కుల మెమోలు డిజిలాకర్‌లో పెడుతున్నప్పుడు ఒక్క పేజీ బోనఫైడ్ ఎందుకు పెట్టలేరు? బోనఫైడ్, టీసీలకు ఫోన్‌లోనే దరఖాస్తు తీసుకుని, ఏ రోజు ఇస్తారో మెసేజ్ పంపాలని యూనివర్సిటీలు అన్ని కాలేజీలకూ ఈ విద్యా సంవత్సరంలోనే ఆదేశాలివ్వాలి.