బాక్సింగ్ పనైపోయిందంటావా?

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. క్షేమసమాచారాలు రెండు ముక్కల్లో తేల్చేసి, మిగతా కాగితమంతా బాక్సింగ్‌ని తిట్టడానికే వాడేశావు. "అలీ పోయాడు, టైసన్ ముసలాడయ్యాడు, ఇంకెవడు చూస్తున్నాడు ఆ ఆట?" అని రాశావు కదా, అందులో సగం నిజమే. ఏ సగమన్నదే పేచీ. తీరిగ్గా కూర్చుని చదువు.

ముందు జనం సంగతి. 2024 సెప్టెంబరులో లండన్ వెంబ్లీ స్టేడియంలో జాషువా, డుబోయిస్ తలపడితే దాదాపు 96 వేల మంది వచ్చారు. అదే ఏడాది మే 6న టోక్యో డోమ్‌లో నవోయా ఇనోవే ఆడితే 40 వేలు దాటారు. నీ టైసన్‌ని 1990లో డగ్లస్ పడగొట్టింది ఆ డోమ్‌లోనే. 2025 సెప్టెంబరు 13న లాస్ వేగాస్‌లో కనెలో, క్రాఫర్డ్ పోటీకి 70 వేలకు పైగా జనం. ఇంట్లో కూర్చుని చూసినవాళ్లు 4.1 కోట్లకు పైమాటేనని నెట్‌ఫ్లిక్స్ లెక్క చెప్పింది. పనైపోయిన ఆటకి ఇంతమంది ఎందుకొస్తారు చెప్పు?

మరి నువ్వన్న సగం నిజం ఏదంటే, ఈ ఆట జనం రోజువారీ కబుర్లలోంచి తప్పుకుంది. ఏడాదికి నాలుగైదు పోటీలు జాతరలా జరుగుతాయి, మిగతా రోజుల్లో ఛాంపియన్ ఎవరో కూడా ఎవరికీ పట్టదు. ఇది దానంతట అది జరిగింది కాదు, డబ్బు వసూలు చేసే పద్ధతి మారడం వల్ల వచ్చిన తంటా. 1978లో అలీ, లియాన్ స్పింక్స్ రెండో పోటీ అమెరికాలో ఏబీసీ ఛానల్లో ఉచితంగా వచ్చింది. టీవీ ఉన్న ప్రతి ఇంట్లో చూశారు, ఆట తెలియని వాళ్లతో సహా. తర్వాత పెద్ద పోటీలు చందా కట్టే ఛానళ్లకి పోయాయి, అక్కణ్ణుంచి పే-పర్-వ్యూకి, అంటే ఒక్కో పోటీకి విడిగా డబ్బు కట్టి చూడ్డానికి. 2015 మే 2న మేవెదర్, పకియావ్ పోటీని దాదాపు వంద డాలర్లు పెట్టి 46 లక్షల ఇళ్లు కొన్నాయి. వ్యాపారంగా అది రికార్డే. కానీ వంద డాలర్లు పెట్టి కొనేవాడు ఎవడు? అప్పటికే అభిమాని అయినవాడు. ఛానల్ మారుస్తూ అనుకోకుండా చూసి ఆటలో పడిపోయే పన్నెండేళ్ల పిల్లాడు ఆ లెక్కలోకి రాడు. నిన్నటి అభిమానాన్ని ఇవాళ నగదు చేసుకున్నారు, రేపటి అభిమానిని తయారు చేసుకోలేదు.

చందా ఛానళ్లు కూడా నిలబడలేదు. 45 ఏళ్లు చూపించిన హెచ్‌బీవో 2018 చివర్లో బాక్సింగ్ మానేసింది. 2023 చివర్లో షోటైమ్ క్రీడల విభాగమే ఎత్తేసింది. వాటితో పాటు పోయింది పెద్ద పోటీ ఒక్కటే కాదు. ఎనిమిది, పది రౌండ్ల చిన్న బౌట్‌లతో కొత్తవాళ్లని జనానికి పరిచయం చేసే కార్యక్రమాలు కూడా పోయాయి. అసలు దెబ్బ అక్కడ తగిలింది.

అలాగని ఉచితంగా చూపిస్తే అన్నీ సర్దుకుంటాయనుకోకు. 1950ల్లో అమెరికన్ టీవీలో వారానికి ఎన్నోసార్లు బాక్సింగ్ వచ్చేది. ఇంట్లోనే ఊరికే దొరుకుతుంటే ఊళ్లోని చిన్న క్లబ్బుకి టికెట్ కొని ఎవడు పోతాడు? క్లబ్బులు ఒక్కొక్కటే మూతపడ్డాయి, కొత్త బాక్సర్లు తయారయ్యే చోటు ఎండిపోయింది. 1962లో టీవీ కెమెరాల ముందే దెబ్బలు తిన్న బెన్నీ పరెట్ ఆసుపత్రిలో చనిపోయాక ఉన్న కాస్త మోజూ విరిగింది. అప్పుడూ అందరూ నీలాగే "ఇక అయిపోయింది" అన్నారు. ఆ వెంటనే అలీ వచ్చాడనుకో, అది వేరే సంగతి.

ఇక బెల్టుల గోల. ప్రపంచ టైటిళ్లిచ్చే ముఖ్యమైన సంస్థలు నాలుగు: డబ్ల్యూబీఏ, డబ్ల్యూబీసీ, ఐబీఎఫ్, డబ్ల్యూబీవో. బరువు తరగతులు 17. ఒక్కో తరగతికి నలుగురు ఛాంపియన్లంటే 68 బెల్టులు, పైన తాత్కాలిక బెల్టులు అదనం. ఎందుకిన్ని? టైటిల్ పోటీ జరిగిన ప్రతిసారీ బాక్సర్ల పారితోషికంలోంచి ఆ సంస్థకి కొంత వాటా వెళుతుంది. బెల్టులు పెరిగితే రాబడి పెరుగుతుంది, అంతే. ఉక్రెయిన్ బాక్సర్ ఉసిక్‌నే చూడు. 2024 మే 18న రియాద్‌లో ఫ్యూరీని ఓడించి, అన్నిటికన్నా పెద్ద బరువైన హెవీవెయిట్‌లో నాలుగు బెల్టులూ ఒక్కడే పట్టాడు. 1999లో లెనాక్స్ లూయిస్ తర్వాత ఆ బరువులో తిరుగులేని ఛాంపియన్ అతనే. నెలన్నర తిరక్కుండానే ఐబీఎఫ్ బెల్టు వదిలేయాల్సి వచ్చింది. ఎవరి చేతిలోనూ ఓడలేదు! ఆ సంస్థ వరుసలో పెట్టిన ఛాలెంజర్‌తో ఆడాలి, ఒప్పందం ప్రకారం ఫ్యూరీతో మళ్లీ ఆడాలి, రెండూ ఒకేసారి కుదరవు. ఆ బెల్టు మళ్లీ చేతికి రావడానికి 2025 జులై దాకా పట్టింది. ఇది మామూలు మనిషికి ఎలా అర్థమవుతుంది?

పెద్ద పోటీలు ఎందుకు కుదరవో కూడా అడిగావు. ఇద్దరు బాక్సర్లు, వాళ్ల పోటీలు పెట్టించే ఇద్దరు ప్రమోటర్లు, ఇద్దరికీ వేర్వేరు ప్రసార సంస్థలతో ఒప్పందాలు. మొదటి తగువు ఎవరి పేరు ముందు, ఎవరికి ఎంత శాతం అన్న దగ్గర. అది తేలితే ఓడినవాడికి మళ్లీ ఛాన్సుందా లేదా అన్న షరతు. తర్వాత వేదిక, తేదీ, డోపింగ్ పరీక్షలు. మేవెదర్, పకియావ్ బేరం మొదట చెడింది రక్తపరీక్షల షరతు దగ్గరే. ఐదేళ్లు నాన్చి నాన్చి రింగులోకి దిగేసరికి ఒకడికి 38, ఇంకొకడికి 36. పైగా ఒక్క ఓటమి పడితే రేటు పడిపోతుందని ప్రమోటర్ల భయం. అందుకే 'అజేయుడు' అన్న ముద్ర కోసం పస లేని వాళ్లని ఏరి ఏరి ముందు నిలబెడతారు. తన్నులూ కుస్తీ పట్లూ కలిసిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలు పెట్టే యూఎఫ్‌సీలో ఈ బాధ లేదు, కంపెనీ ఒక్కటే, అది ఎవరితో ఆడమంటే వాళ్లతో ఆడాలి. చూసేవాడికి సుఖం. ఆడేవాడికి మాత్రం బేరమాడే బలం తక్కువ.

ఈ చిక్కుముడిని సౌదీ డబ్బు విప్పింది. అందరికీ అడిగినంత ఇస్తే తగువులుండవు కదా. కానీ డబ్బు పోటీని కుదర్చగలదు, కసిని తేలేదు. 2025 మేలో రియాద్‌లో కనెలో, స్కల్ 12 రౌండ్లలో ఇద్దరూ కలిసి విసిరిన పంచ్‌లు 445. పంచ్‌లు లెక్కపెట్టే కంప్యూబాక్స్ సంస్థ ఆ పని మొదలెట్టాక 12 రౌండ్ల పోటీలో ఇంత తక్కువ ఎప్పుడూ లేదు. నిద్రమాత్ర వేసుకోనక్కర్లేదు.

యూట్యూబ్‌తో పేరు తెచ్చుకుని బాక్సింగ్‌లోకి దిగిన జేక్ పాల్ మీద నీ కోపం నాకూ ఉంది. 58 ఏళ్ల టైసన్‌తో రెండేసి నిమిషాల ఎనిమిది రౌండ్లు, బరువైన గ్లవ్స్ తొడిగి ఆడించిన ఆ తతంగాన్ని 6 కోట్ల ఇళ్లు చూశాయట. కానీ ఆ రాత్రే అదే రింగులో కేటీ టేలర్, అమాండా సెరానో ఆడారు. కన్ను పైన చీలి రక్తం కారుతున్నా సెరానో వెనక్కి తగ్గలేదు. తమాషా కోసం వచ్చినవాళ్లు అసలు ఆట చూసి వెళ్లారు. వీళ్లిద్దరే 2022లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ప్రధాన పోటీ ఆడిన మొదటి మహిళా బాక్సర్లు. నువ్వు ముచ్చటపడే ఆ పాతరోజుల్లో ఇది ఊహకైనా అందేదా?

నన్నడిగితే నువ్వు హెవీవెయిట్‌లు మానేసి చిన్న బరువులు చూడు. 2019 నవంబరులో సైతామాలో జరిగిన ఇనోవే, డోనైర్ మొదటి పోటీ వెతికి పట్టుకో. రెండో రౌండ్‌లోనే ఇనోవే కంటి ఎముక విరిగింది, ఆ మీదట పది రౌండ్లు ఆడాడు. 11వ రౌండ్‌లో కడుపు మీద తగిలిన దెబ్బకి డోనైర్ ఎలా కుప్పకూలాడో, ఎలా లేచాడో చూడాలి. వ్యాఖ్యానం వినపడకుండా శబ్దం ఆపేసి, కాగితం మీద నువ్వే మార్కులేసుకో. రౌండ్ గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9, ఓడినవాడు కిందపడి ఉంటే మామూలుగా 8. జడ్జీలు ముగ్గురూ ఇనోవేకే ఇచ్చారు గానీ 117-109 ఒకరు, 116-111 ఒకరు, 114-113 ఇంకొకరు. చివరి ఆయన ఏం చూశాడోనని నాకు ఇప్పటికీ అనుమానమే. నీ లెక్క ఎంతొచ్చిందో రౌండ్ల వారీగా రాసి పంపు.

ఉంటాను మరి,
నీ వాసు