చెరకు మాట ఎత్తకు

ప్రియమైన సుబ్బూ,

ఉద్యోగం చాలించి పలమనేరు వచ్చేస్తానని రాశావు, సంతోషం. కానీ అడవి అంచున ఉన్న మీ చేనులో చెరకు వేస్తానన్నావు చూడు, అక్కడే నాకు గుండె గుభేలుమంది. అది ఏనుగులకు విస్తరి వేసి పిలవడమే.

మన చిన్నతనంలో, 1980లలో, తమిళనాడు అడవుల నుంచి ఇటు దిగాయి కదా, ఇక తిరిగి పోలేదు. 1990లో వాటికోసమే కౌండిన్య అభయారణ్యం వచ్చింది. పెద్ద ఏనుగుకు రోజుకు దాదాపు 150 కిలోల మేత కావాలి. అడవిలో దానికోసం పొద్దస్తమానం తిరగాలి. మన రాగిచేలో అయితే తల ఎత్తే పని కూడా లేదు. దాని తప్పేముంది చెప్పు?

మొన్న మా పక్క చేనులోకి గుంపు దిగింది. తిన్నది కొంచెమే, తొక్కింది ఎక్కువ. టమాటా మొక్కలకు కట్టిన కర్రలు నేలకు కరుచుకుపోయాయి. డ్రిప్పు పైపుల్ని పీకి, నలిపి గట్టు మీద పడేశాయి. అడుగు పడినచోట గుంటలో నీళ్లు నిలిచి, అందులో పచ్చి కాయలు తేలుతున్నాయి.

కంచె వేస్తే సరి అంటావు. సోలార్ కంచె మంచిదే. ఒక్క క్షణం జిల్లుమనిపిస్తుంది, చంపదు. అయితే తీగకు కొమ్మలు తగలకుండా ఎప్పటికప్పుడు నరకాలి, బ్యాటరీ చూసుకోవాలి. పైగా దంతానికి షాక్ కొట్టదని తెలుసుకున్న మగ ఏనుగు దానితోనే తీగ తెంపేస్తుంది, ఎండిన మొద్దు తెచ్చి కంచె మీద పడేస్తుంది కూడా. కందకాలంటావా, నాలుగు వానలకు గట్లు జారి పూడిపోతాయి. ఎవరైనా నేరుగా కరెంటు లైను తగిలించమంటే మాత్రం చెవిన పెట్టకు. అడవి పందికని వేసిన తీగకు ఏనుగులూ చచ్చాయి, మనుషులూ చచ్చారు. ఆ పైన జైలు.

కుంకీల సంగతి అడిగావు, అదే, అడవి ఏనుగుల్ని తోలడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులు. 2025 మే నెలలో కర్ణాటక నాలుగింటిని ఇచ్చింది: రంజన్, దేవ, కృష్ణ, అభిమన్యు. ముసలమడుగు శిబిరంలో ఉంచారు. గుంపును అడవిలోకి తోలడానికి బాగా పనికొస్తాయి. తోలడం వరకే సుమా! లోపల మేత, నీళ్లు లేకపోతే అవి మళ్లీ ఇటే వస్తాయి. శిబిరానికి పెట్టినంత శ్రద్ధ అడవిలో కుంటలు తవ్వడానికీ పెట్టాలని నా వాదన.

పంటల బీమాలో అడవి జంతువుల నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి చేరుస్తామని కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. నష్టం జరిగిన 72 గంటల్లోపు ఫోటోలతో యాప్‌లో తెలపాలి. ఏ జంతువులు, ఏ జిల్లాలు అన్నది రాష్ట్రం నిర్ణయించాలి. మన మండలం ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో అడిగాకే విత్తనం కొను.

అసలు నాకు మండేది వేరే సంగతికి. పరిహారం లెక్కల్లో పోయిన పంట కనిపిస్తుంది. కోత దాకా మంచె మీద టార్చీ, టపాసులు పట్టుకుని కాచిన రాత్రులు ఎక్కడా కనిపించవు. భయపడి వేయడం మానేసిన వేరుశనగ, రాగి అసలే కనిపించవు. వేయని పంటకు నష్టం రాయడానికి ఏ దరఖాస్తులోనూ గడి లేదు మరి! మా వీధిలోనే చాలామంది అడవి పక్క చేలు బీడు పెట్టేశారు. వాళ్లను సోమరులంటే నాకు ఒళ్లు మండుతుంది.

నీకు నా సలహా: అడవి వైపు మిరప వెయ్యి, గట్టు మీద నిమ్మ పెట్టు. వాటిని ఏనుగు తినదు. దారిలో ఉంటే తొక్కుతుందనుకో, కానీ వాటికోసం వెతుక్కుంటూ రాదు. రాగి వేయాలని అంత మనసైతే ఇంటి దగ్గరి మడిలో కొంచెం చల్లుకో. పనస చెట్టు ఉంది కదా, కాయలు లేతగా ఉండగానే కోసెయ్, వాసన రాకముందే.

వచ్చే ముందు మట్టి పరీక్ష చేయిద్దాం. పెద్ద టార్చీ ఒకటి కొనుక్కురా, ఇక్కడ దొరికేవి నాలుగు నెలలు కూడా ఆగడం లేదు. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ,
రమణ