ఒక్క నిషాదం మారుతుంది, అంతే

చికాగో,
నవంబరు 9

ఒరే చిన్నోడా,

జాజ్ పాట ఆటమ్ లీవ్స్‌కి 32 బార్ల (బారంటే నాలుగు దెబ్బలు) కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, చూసి బెంగెట్టుకున్నావట. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఫిడేలు చెప్పిన సంగీత కాలేజీలో చదువుతున్నావు, ఇందులో నీకు కొత్తేటీ లేదు.

శ్రుతి ఐదుకి పెట్టు, షడ్జం జి అవుతుంది. మొదటి ఎనిమిది బార్లు: సి మైనర్ సెవెన్, ఎఫ్ సెవెన్, బి ఫ్లాట్ మేజర్ సెవెన్, ఇ ఫ్లాట్ మేజర్ సెవెన్, ఎ హాఫ్ డిమినిష్డ్, డి సెవెన్, చివర జి మైనర్ రెండు బార్లు. అన్నీ నటభైరవి రాగం స్వరాలే. బి ఫ్లాట్ మేజర్ అంటే గాంధారాన్ని షడ్జం చేసుకున్న శంకరాభరణం, నీకు తెలిసిన గ్రహభేదమే. డి సెవెన్ దగ్గర మాత్రం కైశికి నిషాదం పోయి అర మెట్టు పైనున్న కాకలి వస్తుంది, అంటే కీరవాణి రాగం. అక్కడ కైశికి మీద ఆగావంటే పియానోలో మోగే కాకలితో ఒరుసుకుంటుంది. జారిపోతే తప్పులేదు.

మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడం, తర్వాత. ముందు ఈ రెండు వరుసలు వాయించు, కార్డుకొక స్వరం:

ద ద ప ప మ మ గ
గ రి రి స స ని స

చివరి షడ్జం తప్ప ఇవన్నీ ఆయా కార్డుల మూడో స్వరం, ఏడో స్వరం. ఏడోది కిందికి దిగి తర్వాతి కార్డుకి మూడోది అవుతుంది. మూడోది కదలకుండానే ఏడోది అయిపోతుంది. గమకం వద్దు. గాంధారాన్ని ఊపితే కార్డు రంగు తెలియకుండా పోతుంది.

మూడో బారులో ధైవతం మీద నిలబడకు, పంచమానికి అర మెట్టు పైన గీరుకుంటుంది. నాలుగో బారులో రిషభం మీద ఆగి చూడు, భలే ఉంటుంది.

ఎనిమిది బార్లూ రెండుసార్లు అయ్యాక, పదిహేడు నుంచి వరస తారుమారు: ముందు ఎ, డి, జి మైనర్, ఆనక సి, ఎఫ్, బి ఫ్లాట్, ఇ ఫ్లాట్. దారి తప్పేది అక్కడే. 27, 28 బార్లలో కొందరు రెండేసి కార్డులు వేస్తారు. వాటి వెంట పడకు, 29లో షడ్జానికి చేరుకో. అక్కడ ఇ ఫ్లాట్ వేసినా ఎ హాఫ్ డిమినిష్డ్ వేసినా నప్పుతుంది.

మెట్రనోమ్ 60కి పెట్టి, టిక్కుని రెండో దెబ్బ, నాలుగో దెబ్బ అనుకో. పాట 120లో నడుస్తుంది. సమం (మొదటి దెబ్బ) మీద టిక్కు ఉండదు గనక మొదట్లో తడబడతావు. గంటస్తంభం రోడ్డు హోరులో అది వినబడదు, రాత్రిపూట కూర్చో.

వారమయ్యాక రికార్డు చేసి పంపు. డి సెవెన్ బార్లే ముందు వింటాను.

అక్క